పడుకునేదాకా ఇవాళే

రాత్రి డ్యూటీ చేసేవాడికి ఉద్యోగం ఉందంటే ఎవరూ నమ్మరు. పగటిపూట లుంగీతో తలుపు తీస్తాడు కాబట్టి ఖాళీగా ఉన్నాడనే లెక్క. మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై నాలుగు ఫ్లాట్లున్నాయి. మిగతా ఇరవై మూడు ఫ్లాట్ల వాళ్లూ పొద్దున్నే ఆఫీసులకి పోతూ కొరియర్ వాళ్లకి నా ఫ్లాట్ నంబరు ఇచ్చి పోతారు. పోయిన వారం నేను నిద్రలోంచి లేచి అందుకున్నవి రెండు గ్యాస్ సిలిండర్లు, ఒక ట్రెడ్‌మిల్, మూడో అంతస్తు వాళ్ల కుక్క. ఒకరోజు ముందుగా దిగిపోయిన పెళ్లివారిని కూడా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. సాయంత్రం ఆ ఇంటివాళ్లు వచ్చి, "మీరెలాగూ ఇంట్లోనే ఉంటారు కదండీ" అన్నారు. ఎందుకుంటానో ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

నేను జిగేల్ టీవీలో షెడ్యూలింగ్ విభాగంలో పనిచేస్తాను. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా. ఏ కార్యక్రమం ఎన్ని గంటలకి మొదలైందో, ఎన్ని గంటలకి ముగిసిందో పుస్తకంలో రాయడం నా పని. ఆరేళ్లుగా రాస్తున్నాను. నేను ఏడున్నరకి ఇల్లు చేరితే నా భార్య హైమవతి ఏడూ నలభై ఐదుకి స్కూలుకి బయల్దేరుతుంది. ఆవిడ హైస్కూల్లో తెలుగు టీచరు. పదో తరగతి స్పెషల్ క్లాసులు ముగించుకుని సాయంత్రం ఆరింటికి వస్తే, ఆరుంబావుకి నేను బస్సెక్కుతాను. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట, వెరసి రోజుకి అరగంట దాంపత్యం. అందులో పది నిమిషాలు టిఫిన్ బాక్సు మూత వెతకడానికే పోతుంది.

అందుకని పగటి డ్యూటీ ఇవ్వమని ఏడాదిగా అర్జీలు పెడుతున్నాను. ఫిబ్రవరిలో మా హెచ్.ఆర్. అధిపతి కల్పలత గారు కరుణించి, ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి పగటి డ్యూటీ అని కాగితం ఇచ్చారు. హైమ ఆ కాగితంలో రెండు అచ్చుతప్పులు దిద్ది, అదే ఎర్ర పెన్నుతో క్యాలెండర్‌లో ఒకటో తేదీ చుట్టూ సున్నా చుట్టింది. ఆ రాత్రి ఎనిమిదింటికి ఇద్దరం ఒకే వేళకి కూర్చుని పప్పుచారు, గుమ్మడి వడియాలతో అన్నం తిని, ఒకే వేళకి లైటు ఆర్పేయాలని నిర్ణయమైంది. నాకు జీవితంలో ఇంతకన్నా పెద్ద కోరిక లేదు. సరిగ్గా అప్పుడే మా చానల్లో పదిన్నర గొడవ మొదలైంది.

మా చానల్లో రాత్రి పదిన్నరకి 'ఈ రాత్రికి ఇంతే' అనే కార్యక్రమం వస్తుంది. ఇరవై రెండేళ్లుగా దశిక చంద్రమౌళి గారే నడుపుతున్నారు. ఒక సోఫా, ఒక అతిథి, ఒక కాఫీ కప్పు. కప్పులో ఏముంటుందో ఎవరికీ తెలియదు. చివర్లో ఆయన "ఈ రాత్రికి ఇంతే, దీపాలార్పేయండి" అంటే జనం లేచి నిజంగానే ఆర్పేస్తారు.

ఇలా ఉండగా మా ఎండీ గారు ఏదో సదస్సుకి వెళ్లారు. యువతరం రాత్రి రెండింటిదాకా పడుకోదని అక్కడ ఎవరో చెప్పారట. తిరిగొచ్చేటప్పుడు యువతరాన్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఆ అమ్మాయి పేరు ఋత్విక. ఇరవై ఆరేళ్లు, ఫోన్లో నలభై లక్షల మంది అభిమానులు. పదిన్నర ఋత్వికకి ఇచ్చేసి, చంద్రమౌళి గారిని పన్నెండూ ఐదుకి జరిపారు.

చంద్రమౌళి గారు అరవలేదు, అలగలేదు. చత్వారం కళ్లద్దాలు పెట్టుకుని, తన కాంట్రాక్టు కాగితం తీసుకుని, కంటెంట్ వైస్ ప్రెసిడెంట్ జగదీశ్వర్ గారి గదికి వెళ్లారు. పుస్తకం మీద సంతకం కోసం నేనూ అక్కడే ఉన్నాను. కాంట్రాక్టులో 'సోమవారం నుంచి శుక్రవారం వరకు, రోజుకొక్కటి చొప్పున, ఆ రోజు రాత్రి' అని ఉంది. 'ఆ రోజు' అన్న మాట మీద ఆయన వేలు పెట్టారు.

"పన్నెండూ ఐదుకి ఆ రోజు ఎక్కడుందయ్యా? వెళ్లిపోయింది. సోమవారం కార్యక్రమానికి సంతకం పెట్టినవాణ్ణి పట్టుకెళ్లి మంగళవారంలో పడేస్తున్నారు. శుక్రవారం చేసేది శనివారంలో పడుతుంది. శనివారం నా కాంట్రాక్టులోనే లేదు."

జగదీశ్వర్ గారు ఈ విషయంలో స్టేక్‌హోల్డర్లందరినీ ఒక పేజీ మీదకి తీసుకురావాల్సిన అవసరం ఉందన్నారు. అంటే కమిటీ అని అర్థం. దానికి కాలనిర్ణయ కమిటీ అని పేరు పెట్టారు. నన్ను సభ్య కార్యదర్శిని చేశారు. నేనెందుకండీ అంటే, "ఆ వేళప్పుడు మెలకువగా ఉండే అనుభవం ఈ సంస్థలో మీకొక్కరికే ఉంది, యాజులు గారూ" అన్నారు. నా పూర్తి పేరు సోమయాజులు. మొదటి సమావేశం పొద్దున పదకొండింటికి పెట్టారు. అది నాకు అర్ధరాత్రి.

సమావేశంలో ముందు లాయరు గారు లేచి, చట్టప్రకారం రాత్రి పన్నెండుకి తేదీ మారుతుందన్నారు. అలాగైతే చంద్రమౌళి గారే గెలుస్తారు కాబట్టి ఆయన్ని కూర్చోమన్నారు. తర్వాత మా చానల్లో పొద్దున రాశిఫలాలు చెప్పే సిద్ధాంతి గారు, మన లెక్కలో సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒక రోజన్నారు. పన్నెండూ ఐదు సోమవారంలోకే వస్తుందని జగదీశ్వర్ గారి మొహం వెలిగింది. కానీ ప్రకటనల విభాగం ఒప్పుకోలేదు. విశాఖపట్నంలో సూర్యుడు హైదరాబాద్ కన్నా పంతొమ్మిది నిమిషాలు ముందు ఉదయిస్తాడు, ఆ పంతొమ్మిది నిమిషాలూ ఒకే సబ్బు ప్రకటన అక్కడ ఇవాళా ఇక్కడ నిన్నా పడుతుంది, సబ్బు కంపెనీకి ఏమని చెప్పాలి అని అడిగారు. సూర్యోదయాన్ని రెండు ఊళ్లకీ కలిపి సర్దుబాటు చేయగలరా అని సిద్ధాంతి గారిని అడిగారు. ఆయన వల్ల కాదన్నారు.

రెండు గంటలు గడిచాయి. నేను ఆవలించాను. అభిప్రాయం చెప్పబోతున్నాననుకుని జగదీశ్వర్ గారు ఇటు తిరిగి, "చెప్పండి" అన్నారు.

నా జీవితంలో అతిపెద్ద పొరపాటు అప్పుడు చేశాను.

"మా ఇంట్లో అయితే పడుకునేదాకా ఇవాళే అంటామండీ. పన్నెండైనా, ఒంటిగంటైనా. పడుకుని లేస్తే రేపు."

జగదీశ్వర్ గారు పెన్ను మూత తీశారు.

"మళ్లీ అనండి."

మర్నాటికల్లా సర్క్యులర్ వచ్చింది. 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, మార్చి 23వ తేదీ, సోమవారము నుండి సంస్థ పరిధిలో ఒక రోజు అనగా, ఒక వ్యక్తి నిద్ర లేచినది మొదలు తిరిగి నిద్రించు వరకు గల కాలముగా పరిగణించబడును. గడియారమునకు గాని, సూర్యునికి గాని ఈ విషయమున ఎట్టి ప్రమేయమూ లేదు. హాజరు, సెలవు, ప్రసార సమయములు ఎవరి రోజు ప్రకారము వారికి వర్తించును.' హైమ చదివి, ఒకే వాక్యంలో 'అనగా' రెండుసార్లు వచ్చిందని ఒక మార్కు తీసేసింది.

ఆ సోమవారం చంద్రమౌళి గారు సర్క్యులర్ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, అలవాటు ప్రకారం భోజనం చేసి మేకప్ గదిలో కాసేపు నడుం వాల్చారు. ఋత్విక మేనేజరు తలుపు సందులోంచి ఫోటో తీశాడు. సాయంత్రానికి కమిటీకి ఉత్తరం వచ్చింది. శ్రీ చంద్రమౌళి గారు సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు నిద్రించి, నాలుగు గంటలకు మంగళవారమున లేచియున్నారనీ, సోమవారం కార్యక్రమం మీద వారికి ఇక హక్కు లేదనీ, ఆ పన్నెండూ ఐదు కూడా తమకే ఇప్పించవలసిందనీ దాని సారాంశం.

కమిటీ అత్యవసరంగా కూర్చుంది. అది కునుకా, నిద్రా అన్నది తేలాలి. కల్పలత గారు గురక వచ్చిందా అని అడిగారు. మేకప్ మనిషిని పిలిపించారు. గురక వచ్చిందిగానీ మధ్యలో ఒకసారి ఈగని తోలుకున్నారని అతను సాక్ష్యం చెప్పాడు. ఈగని తోలడం మెలకువ కిందకి వస్తుందా రాదా అని అరగంట నడిచింది. చంద్రమౌళి గారు ఓ మూల కుర్చీలో, క్లాసు బయట నిలబెట్టిన కుర్రాడిలా కూర్చున్నారు. ఆరేళ్లలో రోజూ స్టూడియోలోకి పోతూ "ఏమయ్యా యాజులూ, తిన్నావా" అని అడిగిన మనిషి ఆయనొక్కడే. నాకు మనసు ఆగలేదు. కాగితం ముందుకి లాక్కుని, నా చేత్తో నేనే ఒక వాక్యం రాసిచ్చాను: 'నిద్ర అనగా ఏడు గంటలకు తగ్గకుండా, మధ్యలో లేవకుండా పోయినది మాత్రమే.'

అందరికీ నచ్చింది. కల్పలత గారు దానికి ఇంకో వాక్యం కలిపారు. ప్రతి ఉద్యోగీ నిద్రపోయినట్టు కళ్లారా చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలతో నిద్ర ధ్రువీకరణ పత్రం దాఖలు చేయాలి. చంద్రమౌళి గారు బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "బతికించావయ్యా" అన్నారు. ఆ రాత్రి పన్నెండూ ఐదుకి కార్యక్రమం చేసి వెళ్లారు. పుస్తకంలో సోమవారం అని రాశాను.

తర్వాతి రోజుల్లో ఆఫీసు ఎలా నడిచిందో చెప్పడం కష్టం, ఎందుకంటే ఏ రోజుల్లో అన్నది చెప్పలేను. హాజరుపట్టీలో 'ఎవరి రోజు' అని కొత్త గడి వచ్చింది. కెమెరా విభాగంలో ఒకతనికి రెండు నెలల పాప ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ సోమవారం దాటలేదు. ఎడిటింగ్ వాళ్లు బుధవారం పది గంటలకి మీటింగు పెడితే, ఐదుగురు హాజరై, అందులో ముగ్గురు తమకింకా బుధవారం రాలేదని గుర్తొచ్చి లేచి వెళ్లిపోయారు. వార్తలు చదివే ఆవిడ "నేటి ముఖ్యాంశాలు" అని ఆగి, ఎవరి నేడండీ అని ఇయర్‌ఫోన్లో వినిపించేవాళ్లని అడిగింది. ఆ ప్రశ్న మూడు జిల్లాల్లో వినపడింది.

గడియారం ప్రకారం మంగళవారం రాత్రి చంద్రమౌళి గారు రాలేదు. జగదీశ్వర్ గారు స్పీకర్ పెట్టి ఫోన్ చేశారు. అవతల ఆయన గొంతు చాలా ప్రశాంతంగా ఉంది.

"నాకు అరవై మూడేళ్లయ్యా. రాత్రి రెండుసార్లు లేవాలి. మీ సర్క్యులర్ ప్రకారం నాకింకా సోమవారమే. రోజుకొక్కటి అని కాంట్రాక్టు. సోమవారానిది చేసేశాను కదా."

మర్నాడూ అదే మాట. అంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఋత్విక పొద్దున నాలుగు నుంచి పదకొండు దాకా ఒక నిద్ర, మళ్లీ పన్నెండు నుంచి సాయంత్రం ఏడు దాకా ఇంకో నిద్ర పోతుంది. యువతరం రాత్రి పడుకోదని మా ఎండీ గారికి చెప్పినవాళ్లు పగటి సంగతి చెప్పలేదు. గడియారానికి ఒక రోజు గడిస్తే ఆ అమ్మాయికి రెండు గడుస్తాయి. బుధవారం సాయంత్రానికి ఋత్విక శనివారం చేరుకుంది. రూమ్మేట్లిద్దరూ సంతకాలు పెట్టిన ధ్రువీకరణ పత్రాలు పక్కాగా ఉన్నాయి. జగదీశ్వర్ గారు ఫోన్ చేస్తే, "వీకెండ్ కదా అంకుల్" అంది.

ఆ రాత్రి పదిన్నరకి రావలసిన మనిషి శనివారంలో, పన్నెండూ ఐదుకి రావలసిన మనిషి సోమవారంలో ఉన్నారు. బుధవారంలో ఉన్నది జగదీశ్వర్ గారొక్కరే. ఆయన్ని చూడటానికి ఎవరూ టీవీ పెట్టరు. చేసేది లేక రెండు గంటల పాటు చానల్ బొమ్మ పెట్టి, వెనకాల వేణువు వేశాం. ఆ వారం రేటింగు ఎప్పటిలాగే వచ్చింది. దాని గురించి ఆఫీసులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ గురువారం నేను వారపు సెలవు కోసం అర్జీ పెట్టాను. నా సెలవు గురువారం. 'మీకు ఇంకా సోమవారమే' అని రాసి తిప్పి పంపారు. హడావిడిలో ఎవరో పొరపడ్డారనుకుని డ్యూటీకి వెళ్లాను.

చివరికి ఎండీ గారు ఇద్దరినీ పిలిపించారు. చంద్రమౌళి గారు తనకి పదిన్నర ఇచ్చేస్తే ఏ రోజైనా సరే వచ్చి చేస్తానన్నారు. ఋత్విక ఒప్పుకోదేమోనని అందరూ అటు తిరిగారు. ఆ అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి, "నాకు పదిన్నరైనా పన్నెండైనా ఓకే అంకుల్. మావాళ్లు ఎవరూ టీవీ చూడరు. మర్నాడు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూస్తారు" అంది. పదిన్నర కావాలని అడిగింది ఎవరని ఎండీ గారు అడిగారు. మేనేజరు కాఫీ తెస్తానని బయటికెళ్లాడు.

పదిన్నర చంద్రమౌళి గారికి, పన్నెండూ ఐదు ఋత్వికకి. సర్క్యులర్ రద్దు. అయితే ఎప్పటి నుంచి అన్నదాని మీద మళ్లీ పేచీ వచ్చింది. 'ఈ రోజు నుంచి' అందామంటే ఆ గదిలోనే నాలుగు రకాల ఈ రోజులున్నాయి. అందుకని 'ఏప్రిల్ 1వ తేదీ నుండి రద్దు పరచడమైనది' అని రాసి కేకు కోశారు.

మిగిలిన నాలుగైదు రోజుల్లో అందరూ కిందామీదా పడి ఒకటో తేదీకి చేరుకున్నారు. కెమెరా అతని తరఫున అత్తగారూ మావగారూ సంతకాలు పెట్టారు. చంద్రమౌళి గారి భార్య, వదినగారు కలిసి ఒకే విడతలో తొమ్మిది నిద్రలకి సాక్ష్యం ఇచ్చేశారు. నేనీ గొడవేమీ పట్టించుకోలేదు. సర్క్యులరే పోయాక పత్రాలెందుకు అనుకున్నాను.

ఏప్రిల్ ఒకటిన ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకి వెళ్లాను. ఇంటి దగ్గర హైమ కుక్కర్‌లోకి కందిపప్పు కడిగి పెట్టి స్కూలుకి వెళ్లింది. కల్పలత గారు నా ఫైలు తెరిచి చూసి, మూసేశారు.

"మీ నిద్ర పత్రాలు ఒక్కటీ లేవండి."

"సర్క్యులర్ రద్దయింది కదండీ."

"రద్దయింది. ఏప్రిల్ ఒకటి నుంచి. మీకు ఏప్రిల్ ఒకటి రాలేదు కదా. రికార్డు ప్రకారం మీరింకా మార్చి ఇరవై మూడులో ఉన్నారు."

"మరి మీకండీ?"

"నాకు వచ్చింది."

"ఇప్పుడు మనిద్దరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నాం కదండీ."

"అది నా వైపు నుంచి ఏప్రిల్ ఒకటి, మీ వైపు నుంచి మార్చి ఇరవై మూడు. దానికి సంస్థ అభ్యంతరపెట్టదు." ఆవిడ నిజంగానే మంచావిడ. గొంతు తగ్గించి, "తొమ్మిది మంచి నిద్రలు పోయి రండి. పగటి డ్యూటీ మీ కోసమే అట్టిపెట్టి ఉంచాను. అందాకా రాత్రి డ్యూటీలోనే కొనసాగండి" అన్నారు.

రాత్రి డ్యూటీ చేస్తుంటే పగలు ఏడు గంటలు ఏకధాటిగా నిద్ర పట్టదండీ, అది పట్టాలంటే పగటి డ్యూటీ కావాలండీ అన్నాను. ఆవిడ ఆ మాట నోట్ చేసుకున్నారు. అలా అయితే గురువారం సెలవు పెట్టుకుని రాత్రి పడుకోవచ్చు కదా అన్నారు. గురువారం ఎప్పుడొస్తుందండీ అని అడిగాను. సోమవారం అయిపోయిన మూడో రోజు అన్నారు. లెక్క తప్పులేదు.

ఆ సాయంత్రం నేను ఆరుంబావు బస్సుకి బయల్దేరబోతుంటే హైమ పప్పుచారు గిన్నె మీద మూత పెట్టింది. తొమ్మిది పత్రాల మీద ఒక సాక్షి సంతకం పెట్టవే అని బతిమాలాను. సాటి ఉద్యోగుల ఇళ్లల్లో ఆడవాళ్లు ఎంత ఉదారంగా ఉన్నారో వివరించాను. ఆవిడ కాగితాలు తిరగేసింది.

"మీరు పడుకునే టైముకి నేను స్కూల్లో ఉంటాను. చూడనిదానికి చూశానని ఎలా రాస్తానండీ? ముప్పై నాలుగు వచ్చినవాడికి నేను ముప్పై ఐదు వేయను, మీకు తెలుసు."

తెలుసు. అందుకే పెళ్లి చేసుకున్నాను.

ఇది రాస్తున్నప్పుడు మా ఇంటి క్యాలెండర్‌లో ఏప్రిల్ పంతొమ్మిది. హైమకి అలాగే ఉంది. మీకూ అలాగే ఉండి ఉంటుంది. చంద్రమౌళి గారు రోజూ పదిన్నరకి వచ్చి, కప్పు పట్టుకుని, ఏ రోజుకారోజు చక్కగా ముగిస్తున్నారు. నేను పుస్తకంలో ఆయన రోజు ఆయనకి రాసి, నా సంతకం కింద మార్చి 23, సోమవారం అని రాసుకుంటున్నాను. లోకంలో ఉద్యోగం చేసేవాళ్లందరికీ వారానికి ఒక్క సోమవారమే. నాకు ఇరవై ఎనిమిది రోజులుగా అదే నడుస్తోంది.

కాబట్టి చదివేవాళ్లని చేతులు జోడించి అడుగుతున్నాను. మీలో ఎవరికైనా దారి తోస్తే చెప్పండి. నిద్రమాత్ర వేసుకోవచ్చా? వేసుకుంటే సాక్షులు ఎక్కడ దొరుకుతారు? పగలు ఏడు గంటలు మా ఇంట్లో కూర్చుని, నేను నిద్రపోవడం చూసి, నిజాయితీగా సంతకం పెట్టగల రిటైర్డ్ దంపతులు ఎవరైనా ఉంటే మరీ మంచిది. ఫ్లాస్కులో కాఫీ పోసి ఉంచుతాను. మాట్లాడుకోవచ్చు, కానీ మెల్లిగా. లేదూ, హైమని ఒప్పించే వాక్యం ఏదైనా తోస్తే అది రాయండి, తప్పుల్లేకుండా. ఏదైనా ఉత్తరంలోనే రాయండి. ఫోన్ మాత్రం చేయకండి. నా అదృష్టం బాగుండి అప్పటికి ఆరున్నర గంటలుగా నిద్రలో ఉన్నాననుకోండి, మీ ఫోన్ మోగిందంటే నాకు మళ్లీ సోమవారమే.